అరచేతి కొలత

పాఠ్యభాగ పరిచయం

స్మార్ట్‌ఫోన్ నేడు విద్యార్థికి పుస్తకంగా, రైతుకు అంగడి ధరల పట్టికగా, వర్తకుడికి గల్లాపెట్టెగా ఉపయోగపడుతున్నది. ఈ సాధనం ఏటేటా పెద్దదవుతూ వచ్చింది. చిన్న ఫోను కావాలని కోరేవారు ఎందరో ఉన్నా, అటువంటి ఫోన్లు అంగళ్ళలో అరుదైపోయాయి. కోరేవారు ఉన్న వస్తువు ఎందుకు కనుమరుగవుతుంది? చిన్నదనం కోసం కొనుగోలుదారు వదులుకోవలసింది ఏమిటి? ఒక వస్తువును ఎన్నుకునేటప్పుడు లాభనష్టాలను తూచి చూసే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మన పూర్వులు కొలతలను తమ చేతి నుండే గ్రహించారు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు. చాచిన బొటనవేలి కొన నుండి చిటికెనవేలి కొన వరకు జానెడు. మోచేతి నుండి మధ్యవేలి కొన వరకు మూరెడు. పూలమాలలను మూరలతో కొలిచే వాడుక నేటికీ అంగళ్ళలో నిలిచి ఉంది. కొడవలి పిడి, రోకలి నడుము, రాసే కలం మొదలైనవన్నీ పిడికిట్లో ఇమిడేలా రూపుదిద్దుకున్నవే. పనిముట్టు చేతికి లొంగి ఉండాలన్నది శ్రమజీవులు అనుభవంతో తెలుసుకున్న సూత్రం.

ఈ సూత్రం స్మార్ట్‌ఫోన్ విషయంలోనూ మొదట అమలులో ఉండేది. 2007లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన తొలి ఐఫోన్ తెర కర్ణం 3.5 అంగుళాలు. ఫోనును పట్టుకున్న చేతి బొటనవేలే తెర మీద నాలుగు మూలలనూ సులభంగా తాకగలిగేది. 2010లో ఆ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ పాత్రికేయుల సమావేశంలో మాట్లాడుతూ, చేతిలో ఇమడని పెద్ద ఫోన్లను ఎవరూ కొనరని అభిప్రాయపడ్డారు. ఆ మాట నిజం కాలేదు. 2011లో శాంసంగ్ సంస్థ 5.3 అంగుళాల తెరతో గెలాక్సీ నోట్‌ను తెచ్చినప్పుడు దాని ఆకారాన్ని చూసి నవ్వినవారు ఉన్నారు. అయినా ఏడాది తిరగకముందే అది కోటి సంఖ్యలో అమ్ముడుపోయింది. 2014లో ఆపిల్ కూడా 4.7, 5.5 అంగుళాల తెరలతో రెండు ఐఫోన్లను విడుదల చేసింది. ఆ సంవత్సరం చివరి మూడు నెలల్లో ఆ సంస్థ అమ్మిన ఐఫోన్లు ఏడు కోట్ల నలభై అయిదు లక్షలు. అంతవరకు ఏ త్రైమాసికంలోనూ అది అన్ని ఫోన్లు అమ్మలేదు.

పెద్ద తెరను కోరుకున్నవారిని తప్పు పట్టడానికి వీలులేదు. అనేక కుటుంబాలలో ఇంటికంతటికీ ఫోనే ఏకైక తెర. పాఠాలు వినడం, సినిమా చూడడం, బ్యాంకు పనులు చక్కబెట్టుకోవడం అన్నీ దాని మీదనే. నలభై ఏళ్ళు దాటి చత్వారం వచ్చినవారికి పెద్ద అక్షరం అవసరం. తెలుగు చదువరికి మరొక కారణం కూడా ఉంది. మన లిపిలో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి. గుడులు, కొమ్ములు పైనా పక్కనా చేరతాయి. అక్షరాన్ని బాగా చిన్నది చేస్తే ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి కంటికి శ్రమ కలిగిస్తాయి. అందువల్ల తెలుగు వార్తాపత్రికను ఫోనులో చదివే పెద్దలు విశాలమైన తెరను కోరడం సహజం.

మరి చిన్న ఫోనును కోరేవారు ఎవరు? వారి వాదంలో బలం ఎంత? స్టీవెన్ హూబర్ అనే రూపకల్పన నిపుణుడు 2013లో ఒక పరిశీలనను ప్రకటించారు. వీధులు, విమానాశ్రయాలు, బస్సు నిలిచే చోట్లు వంటి బహిరంగ ప్రదేశాలలో 1,333 మంది ఫోనును ఎలా పట్టుకుంటున్నారో ఆయన గమనించారు. తెరను తాకుతూ వాడుతున్నవారిలో 49 శాతం మంది ఒక్క చేత్తోనే పని జరుపుకుంటున్నారు. 36 శాతం మంది ఒక చేత పట్టుకుని మరొక చేతి వేలితో తాకుతున్నారు. మిగిలిన 15 శాతం మంది రెండు చేతుల బొటనవేళ్ళనూ వాడుతున్నారు. ఒంటిచేతి వాడకం ఎంత సాధారణమో ఈ లెక్కలు తెలుపుతున్నాయి. బస్సులో కమ్మీని పట్టుకుని నిలబడినవారికి, చంకలో బిడ్డను ఎత్తుకున్న తల్లికి, ఊతకర్రతో నడిచేవారికి రెండవ చేయి ఖాళీగా ఉండదు.

అందరి చేతులూ ఒక కొలతలో ఉండవు. సగటున స్త్రీల చేతులు పురుషుల చేతుల కన్నా చిన్నవి. టర్కీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సామాజిక శాస్త్రవేత్త జైనెప్ తుఫెక్చీ 2013లో ఈ విషయమై ఒక వ్యాసం రాశారు. ఇస్తాంబుల్ నగరంలోని గెజీ పార్కు ఆందోళనల సమయంలో ప్రయోగించిన బాష్పవాయువుకు సాక్ష్యంగా ఛాయాచిత్రాలు తీయాలని ఆమె ప్రయత్నించారు. పెద్ద ఫోను ఒంటిచేతికి లొంగకపోవడంతో ఆ పని కష్టమయింది. ఫోను కొలతను నిర్ణయించేవారు ఎవరి చేతిని మనసులో పెట్టుకున్నారన్నది ఆమె లేవనెత్తిన ప్రశ్న. 2019లో వెలువడిన 'ఇన్విజిబుల్ విమెన్' అనే గ్రంథంలో కరోలిన్ క్రియాడో పెరెజ్ ఈ ప్రశ్ననే విపులంగా చర్చించారు.

తయారీదారులకు ఈ ఇబ్బంది తెలియక కాదు. 2014 నాటి పెద్ద ఐఫోన్లలో, కింది మీటను రెండుసార్లు తాకగానే తెర పైభాగమంతా కిందికి జారే ఏర్పాటు చేశారు. బొటనవేలు పైకి చేరలేకపోతే తెరనే వేలి దగ్గరకు దింపడం ఇందులోని ఉపాయం. సమస్యను గుర్తించారు కాని, ఫోను కొలతను మాత్రం తగ్గించలేదు. కారణం తెలియాలంటే ఫోను లోపలి అమరికను చూడాలి.

చిన్న ఫోనులో కొరవడేది తెర ఒక్కటే అని చాలామంది భావిస్తారు. అసలు చిక్కు బ్యాటరీ వద్ద ఉంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 మినీని, అదే సంవత్సరం వచ్చిన ఐఫోన్ 13 ప్రో మాక్స్‌ను పోల్చి చూద్దాం. మినీ తెర 5.4 అంగుళాలు; వెడల్పు 64 మిల్లీమీటర్లు; బరువు సుమారు 140 గ్రాములు. మాక్స్ తెర 6.7 అంగుళాలు, వెడల్పు 78 మిల్లీమీటర్లు, బరువు సుమారు 240 గ్రాములు. వెడల్పులోని తేడా దాదాపు ఒక వేలి మందమే. ఒంటిచేతి వాడకానికి ఆ వేలి మందమే గండం.

తెర కర్ణాలను మాత్రమే చూస్తే మాక్స్ నాలుగో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. గణితం తెలిసిన విద్యార్థి అక్కడ ఆగడు. వైశాల్యం కర్ణం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి మాక్స్ తెర వైశాల్యం మినీ తెర కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. రెండు ఫోన్ల ఘనపరిమాణాల నిష్పత్తి కూడా ఇంచుమించు అంతే: మినీ 65 ఘన సెంటీమీటర్లు, మాక్స్ 96 ఘన సెంటీమీటర్లు. అయితే బ్యాటరీ సామర్థ్యంలో ఈ నిష్పత్తి నిలవదు. మినీలో ఉన్నది సుమారు 2,400 మిల్లీ ఆంపియర్ అవర్లు, మాక్స్‌లో సుమారు 4,350. ఇది 1.8 రెట్లు. వీడియోను ఎడతెగకుండా చూపితే మినీ 17 గంటలు, మాక్స్ 28 గంటలు పనిచేస్తాయని ఆ సంస్థే ప్రకటించింది.

శరీరం ఒకటిన్నర రెట్లు పెరిగితే బ్యాటరీ 1.8 రెట్లు ఎలా పెరిగింది? ఫోనులో కొన్ని భాగాలు కుదించడానికి వీలులేనివి. ప్రాసెసర్, కెమెరా, మైక్రోఫోన్, స్పీకర్, ఛార్జింగ్ రంధ్రం, సిమ్ అమరిక మొదలైనవి చిన్న ఫోనులోనూ ఇంచుమించు అంతే చోటును ఆక్రమిస్తాయి. చిన్న ఇంట్లోనూ పొయ్యికీ నీళ్ళ కుండకూ స్థలం ఇవ్వక తప్పదు. ఇరుకయ్యేది మంచం వేసుకునే చోటే. ఫోనులోనూ అంతే. తక్కిన భాగాలకు పోగా మిగిలిన చోటే బ్యాటరీకి దక్కుతుంది. చిన్న తెర తక్కువ విద్యుత్తును వాడుకుంటుందన్నది నిజమే కాని, ప్రాసెసర్, సంకేతాలను అందుకునే రేడియో భాగాలు వాడే విద్యుత్తు ఫోను కొలతతో పాటు తగ్గదు. పైగా ప్రాసెసర్ పుట్టించే వేడి బయటికి పోవడానికి చిన్న ఫోనుకు ఉపరితలం కూడా తక్కువ.

'అవ్వా కావాలి, బువ్వా కావాలి' అంటే కుదరదని మన సామెత హెచ్చరిస్తుంది. చిన్న ఫోనును కోరేవారి కోరికలను జాగ్రత్తగా వింటే ఈ సామెత గుర్తుకు వస్తుంది. ఫోను అరచేతిలో ఇమడాలి, పలుచగా ఉండాలి, బ్యాటరీ రోజంతా నిలవాలి, కెమెరా మేలురకమై ఉండాలి, ధర తక్కువ కావాలి. వీటిలో మూడింటిని సాధించవచ్చు, కష్టపడితే నాలుగింటిని. అయిదింటినీ ఒకే ఫోనులో పొందుపరచడం కష్టసాధ్యం. వాదంలో కొనుగోలుదారు అయిదింటినీ కోరతాడు. అంగడిలో డబ్బు చెల్లించే వేళ ఏదో ఒకటి వదులుకోక తప్పదు. అప్పుడు ఎక్కువమంది వదులుకున్నది చిన్నదనాన్నే.

అర్థశాస్త్రంలో కోరికనూ డిమాండ్‌నూ వేరు వేరుగా నిర్వచిస్తారు. కోరికకు కొనుగోలు శక్తి, ఖర్చు చేయడానికి సంసిద్ధత తోడైనప్పుడే అది డిమాండ్ అవుతుంది. ఈ నిర్వచనానికి ఐఫోన్ 12 మినీ చక్కని ఉదాహరణ. అది 2020 నవంబరులో విడుదలయింది. మన దేశంలో దాని ప్రారంభ ధర 69,900 రూపాయలు. పది వేలు అధికంగా చెల్లిస్తే 6.1 అంగుళాల తెర గల ఐఫోన్ 12 లభించేది. 2021 జనవరి మొదటి పక్షంలో అమెరికాలో అమ్ముడైన కొత్త ఐఫోన్లలో మినీ వాటా 5 శాతమేనని కౌంటర్‌పాయింట్ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టింది. 2021లో 13 మినీ వచ్చింది. 2022లో మినీ స్థానాన్ని 6.7 అంగుళాల ప్లస్ ఆక్రమించింది. 2023 సెప్టెంబరులో ఆపిల్ 13 మినీ అమ్మకాలను కూడా నిలిపివేసింది.

ఇతర సంస్థల చరిత్ర కూడా ఇంచుమించు ఇదే. 2013లో వచ్చిన గెలాక్సీ ఎస్4 మినీ పేరుకు పెద్ద ఫోనుకు తమ్ముడే అయినా, దానిలోని ప్రాసెసర్ తక్కువ స్థాయిది. చిన్నదంటే నాసిరకమన్న అభిప్రాయం ఇటువంటి నమూనాల వల్ల బలపడింది. సోనీ సంస్థ 2014లో ఎక్స్‌పీరియా జడ్1 కాంపాక్ట్ ద్వారా ఈ అభిప్రాయాన్ని సవాలు చేసింది. 4.3 అంగుళాల ఆ ఫోనులో పెద్ద ఫోనులోని ప్రాసెసర్‌నూ కెమెరానూ యథాతథంగా అమర్చింది. ఆ పరంపర కూడా 2018తో ముగిసింది. అసూస్ సంస్థ 2021 నుండి 2023 వరకు 5.9 అంగుళాల జెన్‌ఫోన్లను తెచ్చి, 2024లో 6.78 అంగుళాలకు మారింది. 2022లో పెబుల్ చేతిగడియారం సృష్టికర్త ఎరిక్ మిజికోవ్‌స్కీ చిన్న ఆండ్రాయిడ్ ఫోను కోసం సంతకాల సేకరణ చేపట్టగా వేలాదిమంది సంతకాలు చేశారు. సంతకానికి ఖర్చు లేదు. ఫోను తయారీకి మాత్రం కోట్ల రూపాయల పెట్టుబడి కావాలి.

ఈ లెక్కలను చూసి చిన్న ఫోనుకు ఆదరణ లేదని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. 12 మినీ వచ్చినది కరోనా కాలంలో. అప్పుడు ఎంతోమంది ఇళ్ళకే పరిమితమై ఉన్నారు. జేబులో ఇమిడే ఫోను విలువ తెలిసేది ప్రయాణంలో. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆపిల్ తక్కువ ధరకు 4.7 అంగుళాల ఎస్‌ఈ ఫోనును అమ్మకానికి పెట్టింది. చిన్న ఫోనును కోరినవారిలో కొందరు అప్పటికే దానిని కొని ఉండవచ్చు. పైగా 5 శాతం అన్న అంకె అల్పంగా తోచినా, ఏటా ఇరవై కోట్ల ఫోన్లు అమ్మే సంస్థకు 5 శాతమంటే కోటి ఫోన్లు. 2015లో తాము నాలుగు అంగుళాల ఫోన్లను మూడు కోట్లు అమ్మామని ఆపిల్ సంస్థే 2016లో వెల్లడించింది. వారిలో కొందరు ఆ కొలతను ఇష్టపడినవారు. మరికొందరికి అది తొలి ఐఫోన్. చిన్న ఫోన్లు కొన్నవారందరూ చిన్నదనం కోసమే కొన్నారని చెప్పలేనట్లే, పెద్ద ఫోన్లు కొన్నవారందరూ పెద్దదనం కోసమే కొన్నారని కూడా చెప్పలేం. మంచి కెమెరా, నిలిచే బ్యాటరీ పెద్ద ఫోనులోనే దొరికినప్పుడు చేతికి అసౌకర్యమైనా దానినే కొంటారు. అమ్మకాల పట్టికలో ఆ అసౌకర్యానికి గడి ఉండదు.

చెప్పుల అంగడిలో చిన్న పాదానికీ పెద్ద పాదానికీ తగిన జోళ్ళు దొరుకుతాయి. ఫోనుకు ఆ సౌలభ్యం ఎందుకు లేదు? చెప్పు కొలత మారితే అచ్చు మారుతుంది. తోలూ కుట్టుపనీ మారవు. ఫోను కొలత మారితే లోపలి పలకను, బ్యాటరీని, యాంటెనాల స్థానాలను తిరిగి రూపొందించాలి. పరీక్షలన్నీ మళ్ళీ జరపాలి. అనుమతులు మళ్ళీ పొందాలి. ఈ ఖర్చు పది లక్షల ఫోన్లు అమ్మినా, పది కోట్లు అమ్మినా పెద్దగా మారదు. అందువల్ల తయారీదారు అత్యధికులకు నచ్చే కొలతనే ఎన్నుకుంటాడు. ప్రతి సంస్థా విడివిడిగా ఇదే లెక్క వేసుకోవడంతో, కోట్లమంది అవసరం ఏ సంస్థకూ చాలినంత పెద్దదిగా కనిపించకుండా పోతున్నది.

ఇటీవలి సాంకేతిక ప్రగతి ఈ లెక్కను కొంత మారుస్తున్నది. లిథియం బ్యాటరీ రుణధ్రువంలో చాలాకాలంగా గ్రాఫైట్‌ను వాడుతున్నారు. అదే బరువు గల సిలికాన్, సిద్ధాంతరీత్యా, గ్రాఫైట్ కన్నా దాదాపు పది రెట్లు విద్యుదావేశాన్ని నిలువ చేయగలదు. అయితే అది ఛార్జి అయ్యేటప్పుడు మూడింతల వరకు ఉబ్బుతుంది. అందువల్ల దానిని కార్బన్‌తో మేళవించి, పరిమితంగా వాడుతున్నారు. 2025లో మన దేశంలో విడుదలైన వన్‌ప్లస్ 13ఎస్‌లో ఇటువంటి బ్యాటరీయే ఉంది. 6.32 అంగుళాల ఆ ఫోనులో 5,850 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యాన్ని ఇమిడ్చారు. బ్యాటరీ కోసం కొలతను పెంచక తప్పదన్న వాదం దీనితో కొంత బలహీనపడింది.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ఈ ఫోనును 'కాంపాక్ట్' అని వ్యవహరిస్తున్నారు. దీని బరువు 185 గ్రాములు. 2011లో భారీకాయమని ఎగతాళికి గురైన గెలాక్సీ నోట్ బరువు 178 గ్రాములే. వెడల్పులో మాత్రం కొత్త ఫోను పాతదానికన్నా ఒక సెంటీమీటరుకు పైగా సన్నం. అంటే చేతికి కొంత మేలు జరిగింది. 'చిన్నది' అన్న మాటకు మాత్రం అర్థం మారిపోయింది. పదం నిలిచి ఉండగా దాని అర్థం మెల్లగా జరిగిపోవడం భాషా చరిత్రలో తరచు కనిపించే విషయమే. వస్తువును కొనేవారు పేరును కాక కొలతను అడగడం మేలు.

ఫోనును ఎన్నుకునే యువత తెర కర్ణాన్ని మాత్రమే చూసి తృప్తి పడరాదు. వెడల్పు ఎంత, బరువు ఎంత, ఒంటిచేత్తో పట్టుకున్నప్పుడు బొటనవేలు ఎంతవరకు చేరుతుంది, బ్యాటరీ తమ దినచర్యకు చాలుతుందా అన్న ప్రశ్నలు వేసుకోవాలి. ఇంట్లో తల్లికో తాతకో కొనేటప్పుడు వారి చేతిలో పెట్టి చూడాలి. తనకు కావలసినదానితో పాటు, దానికోసం తాను వదులుకుంటున్నది కూడా తెలిసినవాడే వివేకవంతుడైన కొనుగోలుదారు. తయారీదారుల వైపు నుండి చూస్తే, అమ్మకాల లెక్కలు కొన్నవారి సంగతి చెబుతాయి. తగినది దొరకక రాజీపడినవారి సంగతి చెప్పవు. ఆ రెండవ లెక్కను కూడా వేసినప్పుడే బెత్తెడు చేతికి బెత్తెడు సాధనం దొరుకుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

కర్ణం = ఎదురెదురు మూలలను కలిపే గీత
చత్వారం = వయసుతో వచ్చే దగ్గరిచూపు మాంద్యం
విపులంగా = వివరంగా
ఘనపరిమాణం = వస్తువు ఆక్రమించే చోటు
పక్షం = పదిహేను రోజుల కాలం
త్రైమాసికం = మూడు నెలల కాలం
పరంపర = వరుస
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
రుణధ్రువం = బ్యాటరీలోని రెండు కొనలలో ఒకటి
మేళవించి = కలిపి

వ్యాకరణాంశాలు

సంధులు
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి
అత్యధికులు = అతి + అధికులు – యణాదేశ సంధి
విమానాశ్రయం = విమాన + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి
మొదలైన = మొదలు + ఐన – ఉత్వ సంధి

సమాసాలు
లాభనష్టాలు = లాభమూ నష్టమూ – ద్వంద్వ సమాసం
నాలుగు వేళ్ళు = నాలుగు సంఖ్య గల వేళ్ళు – ద్విగు సమాసం
భాషా చరిత్ర = భాష యొక్క చరిత్ర – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చిన్న ఫోనులో బ్యాటరీ సామర్థ్యం ఎక్కువగా తగ్గడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. కోరికకూ డిమాండ్‌కూ గల భేదాన్ని ఐఫోన్ మినీ ఉదాహరణతో చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. ఫోను కొలత విషయమై జైనెప్ తుఫెక్చీ లేవనెత్తిన ప్రశ్న ఏమిటి?
2. తెలుగు చదువరులు పెద్ద తెరను కోరడానికి లిపికి సంబంధించిన కారణం ఏమిటి?
3. చెప్పులకు ఉన్న కొలతల సౌలభ్యం ఫోన్లకు ఎందుకు లేదు?
4. 5 శాతం వాటాను చూసి తొందరపడి తీర్పు చెప్పరాదని పాఠం ఎందుకు హెచ్చరించింది?

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బెత్తెడు అంటే ఎంత?
2. తొలి ఐఫోన్ తెర కర్ణం ఎంత?
3. సోనీ కాంపాక్ట్ ఫోన్ల పరంపర ఏ సంవత్సరంతో ముగిసింది?
4. లిథియం బ్యాటరీలో గ్రాఫైట్‌తో పోల్చినప్పుడు సిలికాన్‌కు గల మేలు ఏమిటి?

ఈ. భాషా కృత్యం
మీ ఇంటిలోని ఒక ఫోను వెడల్పును, బరువును తెలుసుకోండి. ఇంట్లోని ముగ్గురి చేతికి అది ఎంతవరకు అనుకూలంగా ఉందో గమనించి, పదిహేను వాక్యాలలో రాయండి.